మా విక్టర్ అన్న సాక్ష్యం

మా విక్టర్ అన్న చనిపోయి ఇరవై తొమ్మిదేళ్ళు. అయినా ఐర్లాండులో, ఈ ఎన్నిస్ ఊళ్ళో మా ఇంటికి వారానికి రెండుమూడుసార్లు వస్తాడు. వచ్చి ఏం చేస్తాడయ్యా అంటే, మేడమీద బాత్రూంలో కుళాయి తిప్పుతాడు. అంతే. ఎవరినీ పలకరించడు, ఎవరికీ కనబడడు. నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు వినబడుతుంది. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి కుళాయి కట్టేసి ఉంటుంది, సింకు మాత్రం తడిగా ఉంటుంది.

మా ఆయన జాన్ బాబు వాషర్ పోయిందన్నాడు. ఇంటి ఓనరుకి ఫోన్ చేస్తే ప్లంబరొచ్చి కొత్త వాషర్ వేసి, ఇంక గ్రాండ్, అంటే అంతా బాగున్నట్టే, అని చెప్పి పోయాడు. ఇక్కడివాళ్ళకి ఇల్లు తగలబడుతున్నా గ్రాండే. ఆ తర్వాత కూడా అన్న వచ్చాడు. నేనింక చెప్పడం మానేశాను. షానన్‌లో ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషికి పొద్దున్నే దయ్యాల కబుర్లు చెబితే ఏమంటాడు? చర్చికెళ్ళే ఆడదానివి, సిగ్గు లేదా అంటాడు. నిజం చెప్పాలంటే నాకూ సిగ్గుగానే ఉండేది.

బాపట్ల దగ్గర మా ఊళ్ళో విక్టర్ అంటే చెడుగుడు, చెడుగుడంటే విక్టర్. పదిహేడేళ్ళవాడు. కూతకు వెళ్ళాడంటే ఊపిరి తెగేది కాదు, అవతలివాళ్ళకే విసుగు పుట్టేది. ఆ వేసవిలో చుట్టుపక్కల చర్చి సంఘాల కుర్రాళ్ళకి పోటీలు పెట్టారు. ఫైనల్లో నలుగురు కలిసి పట్టుకుని వెనక్కి విసిరితే అన్న తల బరి పక్కన పాతిన రాయికి కొట్టుకుంది. లేచాడు. దుమ్ము దులుపుకున్నాడు. ఆఖరి కూతలో ముగ్గుర్ని అవుట్ చేసి షీల్డు తెచ్చాడు. ఆ రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు.

అన్న పోయాక పెట్టిన ఆదరణ కూటంలో మా నాన్న లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. నా కొడుకు తలకి దెబ్బ తగిలినా బరి వదల్లేదు, బాధని బయటపెట్టలేదు, గెలిచి ప్రభువు దగ్గరికి వెళ్ళాడు అన్నాడు. జనం ఏడుస్తూ స్తోత్రం అన్నారు. ఆ సాక్ష్యం అక్కడితో ఆగలేదు, ఊరూరా తిరిగింది. పిల్లలు పరీక్ష తప్పినా, జ్వరమొచ్చిందని బడి ఎగ్గొట్టినా, విక్టర్ని చూసి నేర్చుకోండి అనేవాళ్ళు. నాన్న పోయాక దాన్ని అమ్మ అందుకుంది. ఎక్కడ మైకిచ్చినా అదే చెప్పేది. చెప్పి కూర్చున్నాక ఆమె ముఖంలో ఒక నిమ్మళం కనబడేది. కొడుకు ఊరికే పోలేదు, గెలిచి పోయాడు. ఆ నిమ్మళం మీదే ఆమె ఇన్నాళ్ళూ బతికింది.

ఆ సాక్ష్యంలో లేని ముక్క ఒకటుంది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆఖరి కూతకి ముందు అన్న బడి వెనక బోరింగు దగ్గరికొచ్చి నన్ను నీళ్ళు కొట్టమన్నాడు. నేను కొడుతుంటే వంగి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చప్పుడు బయటికి వినబడకుండా ఇంకా గట్టిగా కొట్టవే అన్నాడు. అవతలి జట్టు ఏ ఊరిదే అని అడిగాడు. చెప్పాను. మూతి కడుక్కుని మళ్ళీ అదే అడిగాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాను. నవ్వానండీ. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"అమ్మతో చెప్పమాకే," అన్నాడు. "ఏం కాలేదులే."

చెప్పనన్నాను. చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, శవపేటిక ముందూ చెప్పలేదు, ఆదరణ కూటంలో నాన్న అలా మాట్లాడుతుంటే అమ్మ పక్కన కూర్చునీ చెప్పలేదు.

బుద్ధున్న మనిషైతే, ఇంత చూశాక, తన బిడ్డని వేరేగా పెంచుకుంటుంది. నేనేం చేశాను? విక్టర్ సాక్ష్యం పాలతోపాటు పట్టాను. మా ప్రెయిస్‌కి పదిహేనేళ్ళు. ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఈ క్లేర్ కౌంటీ యాస ఇంగ్లీషులో వస్తుంది. కామోగీ ఆడుతుంది. కర్రతో చిన్న తోలుబంతిని కొట్టే ఆట, అదే మగపిల్లలాడితే హర్లింగ్ అంటారు. ఈ కౌంటీలో పిల్లలు నడక నేర్వకముందే ఆ కర్ర పట్టుకుంటారు. వాళ్ళ మధ్య మన పిల్ల నిలబడాలంటే ఒళ్ళొకటే గట్టిగా ఉంటే చాలదు, మనసు గట్టిపడాలనుకున్నాను.

ఐదున్నరకి లేపేదాన్ని. చన్నీళ్ళ స్నానం. ఓడిపోయొచ్చిన రోజు కళ్ళు తుడుచుకునేదాకా కంచం ముందు కూర్చోనిచ్చేదాన్ని కాదు. నొప్పి ఉన్నట్టు నీకు తెలిస్తే చాలు, అవతలివాళ్ళకి తెలియక్కర్లేదు అని చెప్పేదాన్ని. మీ మామయ్యకి తలకి దెబ్బ తగిలినా ఎవరికైనా తెలిసిందా అనేదాన్ని. నోరెలా వచ్చిందో నాకు. పిల్ల నేర్చుకుంది. గది అద్దం మీద 'నెక్స్ట్ బాల్' అని కాగితం అతికించుకుంది. పోయిన బంతి గురించి ఏడవకు, రాబోయే బంతిని చూడు అని అర్థమట. ఒక్క ఊపిరిలో ఆ రెండు మాటలూ పైకే అనుకుంటూ గ్రౌండ్ చుట్టూ పరిగెత్తేది. గేటు దగ్గర నిలబడి వింటుంటే కూత విన్నట్టే ఉండేది నాకు.

సెమీఫైనల్లో చిటికెన వేలు విరిగింది. టేపు చుట్టుకుని ఆడింది, గెలిచింది. తర్వాతి ఆదివారం లిమరిక్‌లో మా తెలుగు క్రైస్తవుల సహవాసం జరిగే హాల్లో సాక్ష్యాల సమయంలో నేను లేచాను. నా బిడ్డ వేలు విరిగినా బరి వదల్లేదు, ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు అన్నాను. మాటలు నావి, గొంతు నాన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. జయకుమార్ పాస్టర్ గారు మైకు పిల్ల చేతికిచ్చి ఒక మాట చెప్పమంటే, ఇట్ వాజ్ గ్రాండ్ అంది. హాలంతా నవ్వులు. ఫైనల్ అయ్యాక యువతకి మనోధైర్యం గురించి ప్రెయిస్ చేతే మాట్లాడిద్దామని పాస్టర్ గారు అప్పటికప్పుడే ప్రకటించారు.

మూడు నెలల వీసా మీద వచ్చిన మా అమ్మ ఆ రోజు ముందు వరసలో కూర్చుంది. మనవరాలి చెయ్యి పట్టుకుని, అచ్చం విక్టరే అంది. అందరితోపాటు నేనూ నవ్వాను.

అమ్మ వచ్చినప్పటినుంచీ అన్న రాకడ ఎక్కువైంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పైన నీళ్ళు పడ్డాయి. వినబడుతోందా అమ్మా అని అడిగాను. వానేమోలే అంది. బయట ఎండ కాస్తోంది. ఐర్లాండులో ఎండ కాస్తే మనిషన్నవాడెవడూ మర్చిపోడు. అమ్మ మాత్రం తలెత్తకుండా కాయలు ఒలుస్తూ కూర్చుంది.

ఫైనల్ శనివారం పదకొండింటికి. కౌంటీ జట్టుకి పిల్లల్ని ఎంచేవాళ్ళు కూడా చూడటానికి వస్తున్నారు. అంతకుముందు మంగళవారం ప్రెయిస్ బడి నుంచి వచ్చినప్పుడు స్వెట్టర్ వీపంతా పచ్చిగడ్డి మరక. జారిపడ్డానంది. బుధవారం కర్టెన్లు మూసుకుని పడుకుంది. లైటెయ్యబోతే వద్దంది.

గురువారం నాకు సెలవు. నాలుగింటికి పిల్ల వచ్చి సరాసరి పైకి వెళ్ళింది. కాసేపటికి కుళాయి చప్పుడు. అన్న వచ్చాడనుకుని నేను కదల్లేదు, వంకాయలు కోసుకుంటున్నాను. నీళ్ళు ఆగలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. వెళ్ళి చూస్తే బాత్రూం తలుపు లోపల గడియ పెట్టి ఉంది. చెవి ఆనించాను. నీళ్ళ చప్పుడు కింద ఇంకో చప్పుడు. ఇరవై తొమ్మిదేళ్ళ కింద బోరింగు దగ్గర విన్న చప్పుడే అది. ఆ తలుపు వెనక ఉన్నదెవరో ఒక్క క్షణం నాకు నిజంగా తెలియలేదు.

"ఎవరూ?" అన్నాను. సొంత కూతురి బాత్రూం ముందు నిలబడి అడిగే మాటేనా అది?

"ఐయామ్ గ్రాండ్, మామ్."

నేను నర్సుని. పదహారేళ్ళుగా ఈ ఊరి శివార్లలో ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకుంటున్నాను. పడిపోవడం, వెలుతురు ఓర్చుకోలేకపోవడం, వాంతులు. ఈ మూడూ కలిస్తే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అంతటి నర్సుని కిందికి దిగి అల్లం చారు పెట్టాను. బడిలో ఏదో తిని ఉంటుందనుకున్నాను. ఫైనల్ భయమనుకున్నాను. ఈ ఒక్క మ్యాచ్ అయిపోతే చాలు, తర్వాత చూపిద్దాం అని కూడా అనుకున్నాను. దాచుకోవడం దేనికి, అదే ఎక్కువగా అనుకున్నాను.

శుక్రవారం డ్యూటీలో ఒక పెద్దాయన కుర్చీలోంచి జారి తల గోడకి కొట్టుకున్నాడు. అలా అయితే మాకొక ఫారం ఉంటుంది. అరగంటకోసారి వెళ్ళి పేరడగాలి, ఇవాళ ఏ వారమో అడగాలి, కళ్ళల్లో టార్చి వేసి చూడాలి. పొద్దుటినుంచీ అదే పని. నాలుగుసార్లు చెప్పాను కదమ్మా నా పేరు, నీకేమైనా మతిమరుపా అని ఆయన విసుక్కున్నాడు. ఐదోసారి టార్చి వెయ్యబోయి ఆగాను. నాకేమీ కాని ముసలాయనకి చేస్తున్నది కన్నకూతురికి చెయ్యలేదు.

ఆ టార్చి యూనిఫాం జేబులోనే పెట్టుకుని ఇంటికొచ్చాను. ప్రెయిస్ గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది. మంచం చివర ఎవరో కూర్చున్నట్టు పరుపు అంచు నొక్కుకుపోయి ఉంది. నేను అటు చూడకుండా ఇవతల మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఏ వారమో అడిగాను, సరిగ్గానే చెప్పింది. సెమీఫైనల్ ఎవరి మీద గెలిచారని అడిగాను. ఒక క్లబ్బు పేరు చెప్పింది. కాసేపాగి మళ్ళీ అడిగాను. ఇంకో క్లబ్బు పేరు చెప్పింది.

నేను నవ్వలేదు. నా ముఖం చూసి పిల్లకి అర్థమైపోయింది. లేచి కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. మంగళవారం లంచ్ టైములో గ్రౌండ్లో స్నేహితులతో ఆడుతూ వెల్లకిలా పడిందట, తల కాంక్రీటు గట్టుకి తగిలిందట, హెల్మెట్ పెట్టుకోలేదట. ఎవరికీ చెప్పొద్దని స్నేహితుల చేత ఒట్టు వేయించుకుందట. నేను ఏడవనని నువ్వే చర్చిలో అందరికీ చెప్పావు కదా, ఇప్పుడు అమ్మమ్మకి ఏమని చెబుతావు అని ఇంగ్లీషులో గుక్కతిప్పుకోకుండా అడిగింది. అప్పటికీ ఏడవలేదు, నా పెంపకం అంత బాగుంది. తర్వాత తెలుగులో ఒక్క మాటంది.

"చెప్పమాక, మమ్మీ."

ఆ 'మాక' ఈ పిల్లకి ఎక్కడిది? అమ్మమ్మ నోట్లోంచి పట్టుకుని ఉంటుంది, ఈ మూడు నెలల్లో. అంత మాత్రం నాకూ తెలుసు. తెలిసినా నాకు వినబడింది అన్న గొంతే. నోరు తెరిస్తే చెప్పనులే అన్న మాటే వచ్చింది. పద్నాలుగేళ్ళ లీలారాణి అంది, నేను కాదు అని తప్పించుకోవచ్చు. కానీ అన్నది నేనే.

వంటింట్లో మా ఆయనకి మాత్రం చెప్పాను. మనిషి పాపం నిలువునా భయపడిపోయాడు. కారు తాళాలు చేతిలోకి తీసుకుని, నర్సువి నువ్వు, ఇప్పుడే ఆసుపత్రికి పోదామంటే పోదాం, ఏమంటావు అన్నాడు. రేపు పొద్దున చూద్దాం అన్నాను. నేను గట్టిగా చెబితే ఎదురు చెప్పని మనిషి. ఎదురు చెప్పి ఉంటే బాగుండునని ఆయన మీదే కోపం వచ్చింది నాకు. చూశారా, ఎంత న్యాయమో.

ఎందుకు వద్దన్నానో నాకు తెలుసు. హాల్లో అమ్మ కూర్చుని ఉంది. పిల్లని ఆపితే ఎందుకు ఆపావని అడుగుతుంది. ఇలాంటి దెబ్బ తగిలితే ఆపాలి, వాంతి చేసుకుంటే ఆపాలి, పక్కన ఉన్నవాళ్ళు చెప్పాలి అనాలి. అన్న పక్కన ఉన్నదెవరు మరి? ప్రెయిస్‌ని ఆపితే, ఆ రోజు అన్నని ఆపకపోయినట్టు ఒప్పుకోవాలి. అమ్మ బతికిన ఆ సాక్ష్యాన్ని ఆమె చేతుల్లోంచి లాగెయ్యాలి. డెబ్భై రెండేళ్ళ మనిషికి ఇంకేం మిగులుతుంది? ఆ రాత్రంతా రెండు గంటలకోసారి పిల్లని లేపి పేరడిగాను. లేపినప్పుడల్లా పేరు చెప్పింది. నా మనసు గట్టిదని అందరూ అనుకుంటారు. అది గట్టిది కాదు, మొండిది.

శనివారం సన్నటి తుంపర. గ్రౌండ్ గేటు దగ్గర కోచ్ నోరీన్ చేతిలో కాగితం పెట్టుకుని నిలబడి ఉంది. ప్రతి మ్యాచ్ ముందూ ఆవిడకి అదొక ఆనవాయితీ. ఒక్కొక్క పిల్లనీ ఆపి, ఎక్కడైనా దెబ్బలున్నాయా అని అడుగుతుంది. పిల్లలు గ్రాండ్ అంటారు, ఆవిడ టిక్కు పెడుతుంది, లోపలికి పోతారు. ప్రెయిస్ వంతు వచ్చింది. హెల్మెట్ పట్టీ బిగించుకుంటూనే గ్రాండ్ అంది. ఆవిడ టిక్కు పెట్టింది. పిల్ల గేటు దాటింది.

మా ఆయన కోటు చీర మీద తొడుక్కుని అమ్మ నా పక్కన నిలబడి, మనవరాలి కోసం పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. గోడ పక్కన పంపు దగ్గర ఒకమ్మాయి నీళ్ళ సీసాలు నింపుతోంది. ఆ పిల్ల వెనక అన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నాడు. ఈసారి కళ్ళతోనే చూశాను. ఆ రోజు చెడుగుడు బరిలో వేసుకున్న పచ్చ బనీనే. తలెత్తి నావైపు చూశాడు. ఏం కాలేదులే అనలేదు. నేనేం చెబుతానా అని చూస్తున్నాడు, అంతే.

నోరీన్ నన్ను చూసి నవ్వింది. "ఆల్ గుడ్, లీలా?"

"నో," అన్నాను.

ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు. మంగళవారం పడింది, గురువారం వాంతి చేసుకుంది, నిన్న అడిగిందానికి రెండు జవాబులు చెప్పింది అన్నాను. నాకు గురువారం నుంచే తెలుసు అన్నాను. ఆ చివరి ముక్క ఎవరూ అడగలేదు, అయినా అన్నాను. నోరీన్ ముఖంలో నవ్వు పోయింది. లోపలికి నడిచి వెళ్ళి, ప్రెయిస్ ముందు నిలబడి, గడ్డం కింద పట్టీ తానే విప్పి, హెల్మెట్ మెల్లగా పైకి తీసింది. చుట్టూ ఉన్న పిల్లలు కర్రలు దించేశారు.

చెప్పనన్నావు కదా అంది ప్రెయిస్, నా దగ్గరికొచ్చి. తర్వాత ఐ హేట్ యూ అంది. అరిచి అని ఉంటే తట్టుకునేదాన్ని. నెమ్మదిగా, ఆలోచించుకున్న మాటలాగా అంది. ఏమైందే, ఏమంటోందే పిల్ల అని అమ్మ నా చెయ్యి గుంజుతోంది. కారెక్కమ్మా అన్నాను.

లిమరిక్‌లో పెద్దాసుపత్రికి వెళ్ళాం. చాలాసేపటికి పిల్లని స్కానుకి తీసుకెళ్ళారు, మా ఆయన వెంట వెళ్ళాడు. కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీల్లో నేనూ అమ్మా మిగిలాం. అమ్మ బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయే ట్రాలీలని చూస్తోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక నా జన్మలో చెప్పలేనని తెలిసింది. నేలవైపు చూస్తూ చెప్పాను. అన్న ఆ రోజు బోరింగు దగ్గర వాంతి చేసుకున్నాడమ్మా. ఒకటే మాట రెండుసార్లు అడిగాడు. నీతో చెప్పొద్దన్నాడు. నాకు తెలిసే చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వు ఆపేదానివి, అన్న బతికేవాడు.

అమ్మ సంచి జిప్పు తీసింది, మళ్ళీ పెట్టింది.

"నాకు తెలుసే," అంది.

తలెత్తి చూశాను. ఆమె నావైపు చూడటం లేదు.

"వంటల పందిరి కాడ నుంచోని ఉన్నా. నువ్వు బోరింగు కొట్టడం చూశా. వాడు వంగడం చూశా. మీ నాన్న స్టేజీ మీద పాస్టర్ల పక్కన కూర్చోని ఉన్నాడు. ఇప్పుడెళ్ళి ఆపితే ఆయనకి తలవంపులు అనుకున్నా. ఈ ఒక్క కూతా అయిపోనీ, ఇంటికెళ్ళాక సోడా తాపుదాం అనుకున్నా."

"నువ్వు చిన్నపిల్లవి," అంది అమ్మ. "నేను తల్లిని. మైకు చేతికొచ్చినప్పుడల్లా ఆ గెలిచిన ముక్క చెప్పకపోతే, ఈ ముక్క చెప్పాల్సొచ్చేది."

నాకు దుఃఖం రావాలి. ముందు కోపం వచ్చింది. పద్నాలుగేళ్ళప్పటినుంచీ అన్నని నేనే చంపాననుకుంటూ బతికాను. పెళ్ళిలో అనుకున్నాను, కాన్పులో అనుకున్నాను, సముద్రాలు దాటొచ్చి ఈ దేశంలోనూ అనుకున్నాను. ఆ పక్కనే ఈమె కూడా అదే అనుకుంటూ, ఒక్క మాట నాతో అనకుండా కూర్చుంది. నాకొక్కదానికైనా చెప్పొచ్చు కదమ్మా అన్నాను. అమ్మ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు, అన్న పోయిన రోజు కూడా. ఆ కారిడార్‌లో, తెలియని మనుషుల మధ్య, కొంగు నోట్లో కుక్కుకోకుండా పైకే ఏడ్చింది. ఒక పిల్ల నర్సు వచ్చి కాగితం గ్లాసుతో నీళ్ళిచ్చి వెళ్ళింది. నేను అమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నాను. ఎంతసేపని చూసుకోలేదు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. స్కానులో ఏమీ లేదు, రక్తస్రావం లేదు, మెదడు అదిరింది అంతే, కొన్ని వారాలు ఆట మానేసి విశ్రాంతి తీసుకోవాలంది. ఇవాళ ఆడి ఉంటే, మళ్ళీ దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదని అడిగాను. చెప్పలేం అంది. ఏమీ కాకపోయేదేమో, చాలా ఘోరమే జరిగేదేమో, మీరు నర్సు కదా, మీకు తెలుసు కదా అంది. ఔను, తెలుసు. నేను ఏదో తప్పించానని చెప్పుకోడానికి చేతిలో ఏ రుజువూ లేదు. ఏ హాల్లోనూ లేచి చెప్పడానికి పనికొచ్చే సంగతి కాదిది.

మ్యాచ్ ఒక్క పాయింటుతో పోయింది. నోరీన్ మా ఆయనకి మెసేజి పెట్టింది, పిల్ల ఎలా ఉందని అడుగుతూ, చివర్లో ఆ సంగతి. ఎంచడానికి వచ్చినవాళ్ళు వేరే ఇద్దరు పిల్లల పేర్లు రాసుకుపోయారట. మా ఆయన ఫోనులో చదువుతుంటే ప్రెయిస్ విన్నది. హూడీ టోపీ ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. నేను బూట్లు తొడగబోతే కాళ్ళు వెనక్కి లాక్కుని, తానే తొడుక్కుంది.

కారు నేనే నడిపాను. మా ఆయన వెనక పిల్ల పక్కన కూర్చున్నాడు, అమ్మ నా పక్కన. ఆకలేస్తోందా అని ప్రెయిస్‌ని ఒకసారి అడిగాను, జవాబు లేదు. చలేస్తోందా అని అడిగాను, దానికీ లేదు. అద్దంలో చూస్తే కిటికీవైపు తిరిగి ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. తుడుచుకోమని నేనూ అనలేదు.

ఇది ఇంక నాతో మాట్లాడదమ్మా అన్నాను, అమ్మకి మాత్రమే వినబడేటట్టు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాదికైనా క్షమిస్తుందో లేదో, దాని ఆశలన్నీ నా నోటితో నేనే కూల్చాను అన్నాను.

అమ్మ వెనక్కి తిరిగి మనవరాలిని చూసింది. చాలాసేపు చూసింది. ఎదురుగా వచ్చే కార్ల వెలుతురు పిల్ల ముఖం మీద పడి పోతోంది.

"మాట్లాడకపోతే పోనీయవే," అంది. "కోప్పడటానికి నీ పిల్ల ఉందిగా."